చిన్న దేశం, పెద్ద బ్యాంకులు: భూటాన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో గ్రూప్స్ రాసే పిల్లలకు ఎకనామిక్స్ చెప్తుంటాను. అంతర్జాతీయ ఆర్థిక సంస్థల పాఠం ఏటా వస్తుంది, ఏటా పిల్లలు ఆవలిస్తారు. ఎప్పుడు పుట్టింది, ఆఫీసు ఎక్కడుంది, సభ్య దేశాలెన్ని అని బట్టీ పట్టి పరీక్ష అయ్యాక మర్చిపోతారు. ఒక బ్యాచ్‌కు మాత్రం అమెరికాతో కాకుండా భూటాన్‌తో పాఠం మొదలుపెట్టాను. అప్పటి నుంచి ప్రశ్నలు ఆగలేదు. క్లాసులో అడిగినవి, టీ కొట్టు దగ్గర అడిగినవి, ఊళ్లో మా అమ్మ అడిగినవి అన్నీ ఇక్కడ రాశాను. వరుస కుదరలేదనిపిస్తే ఏమనుకోకండి, అడిగినవాళ్ల వరుసే అది.

అన్ని దేశాలుండగా భూటానే ఎందుకు సార్?

మూడు కారణాలు. మొదటిది, అది నిజంగా చిన్న దేశం. 2017 జనాభా లెక్కల్లో తేలింది 7,27,145 మంది. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిపి ఊహించుకోండి, ఇంచుమించు అంత. విస్తీర్ణం 38,394 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో మూడో వంతు. రెండోది, ఐఎంఎఫ్‌లోనూ, అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధిలోనూ, ప్రపంచ బ్యాంకులోనూ మనమూ వాళ్లూ ఒకే కుర్చీలో కూర్చుంటాం. ఇది చాలామందికి తెలియదు. మూడోది, వాళ్ల డబ్బు మన రూపాయికి కట్టేసి ఉంది. ఢిల్లీలో రూపాయికి జలుబు చేస్తే వాళ్ల రాజధాని థింపూలో తుమ్ములు వినిపిస్తాయి.

ఐఎంఎఫ్‌కూ ప్రపంచ బ్యాంకుకూ తేడా మళ్లీ ఒక్కసారి చెప్పరా?

రెండూ 1944 జులైలో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్‌లో 44 దేశాలు కూర్చుని వేసిన పునాది. ఊళ్లో రైతుకు రెండు రకాల అప్పులుంటాయి కదా. బావి తవ్వడానికో, భూమి చదును చేయడానికో తీసుకునేది దీర్ఘకాలిక అప్పు, అది ప్రపంచ బ్యాంకు పని. పంట పోయి, చేతిలో పైసా ఆడక, రేపటి ఖర్చుకే దిక్కులేనప్పుడు తీసుకునేది సంకట కాలపు అప్పు, అది ఐఎంఎఫ్ పని. సంకటంలో ఇచ్చేవాడు ఊరికే ఇవ్వడు, "ముందు నీ ఖర్చులు తగ్గించు" అంటాడు. షరతుల పేరుతో ఐఎంఎఫ్ అనేదీ అదే.

ప్రపంచ బ్యాంకు ఇంట్లోనే 1960లో పుట్టిన ఇంకో సంస్థ ఐడీఏ, అంటే అంతర్జాతీయ అభివృద్ధి సంఘం, పేద దేశాలకు నామమాత్రపు రుసుముతో అప్పిస్తుంది. మనీలాలో 1966లో మొదలైన ఏడీబీ, అంటే ఆసియా అభివృద్ధి బ్యాంకు, ఆసియా వరకు ప్రపంచ బ్యాంకు లాంటిది.

భూటాన్ వీటిలో ఎప్పుడు చేరింది?

ఈ వరుస చూస్తే ఆ దేశం స్వభావం తెలుస్తుంది. 1961లో మొదటి పంచవర్ష ప్రణాళిక. మొదటి రెండు ప్రణాళికల ఖర్చంతా భారతదేశమే పెట్టుకుంది. 1962లో కొలంబో ప్రణాళికలో చేరింది, అది వాళ్ల మొదటి అంతర్జాతీయ వేదిక. 1969లో ప్రపంచ తపాలా సంఘం, 1971లో ఐక్యరాజ్యసమితి. ఆ తర్వాత కూడా అప్పులిచ్చే సంస్థల గడప తొక్కడానికి పదేళ్లు ఆగింది. ఐఎంఎఫ్‌లో, ప్రపంచ బ్యాంకులో చేరింది 1981 సెప్టెంబరులో, ఏడీబీలో 1982లో.

ఇందులో ఒక తమాషా ఉంది. భూటాన్ కేంద్ర బ్యాంకు, అంటే రాయల్ మానిటరీ అథారిటీ, ఏర్పడింది 1982లో. సొంత కేంద్ర బ్యాంకు పుట్టకముందే ఐఎంఎఫ్ సభ్యత్వం వచ్చేసిందన్నమాట.

ఐఎంఎఫ్‌లో ఒక దేశానికి ఒక ఓటేనా?

కాదు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు నేను పిల్లలను మనసులో ముల్కనూరు తీసుకుపోతాను. భీమదేవరపల్లి మండలంలో ఉంది ముల్కనూరు సహకార సంఘం, 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి నిలబెట్టింది. సహకార సూత్రం ఒకటే: ఒక సభ్యుడు, ఒక ఓటు. రెండెకరాలాయనదీ ఇరవై ఎకరాలాయనదీ ఒకే చెయ్యి. ఐఎంఎఫ్ సహకార సంఘం కాదు, వాటాల కంపెనీ లాంటిది. ఎంత వాటా పెడితే అంత మాట.

ఆ వాటాను కోటా అంటారు. దాన్ని ఎస్‌డీఆర్‌లలో లెక్కిస్తారు. డాలరు, యూరో, యువాన్, యెన్, పౌండు ఈ ఐదింటిని కలిపి కట్టిన లెక్క అది, జేబులో పెట్టుకునే నోటు కాదు. 2016లో అమల్లోకి వచ్చిన కోటాల ప్రకారం భారత్ వాటా 1,311 కోట్ల ఎస్‌డీఆర్‌లు. భూటాన్ వాటా 2.04 కోట్లు. ఆరువందల రెట్లకు పైగా తేడా. ప్రతి లక్ష ఎస్‌డీఆర్‌లకు ఒక ఓటు కనుక వాటా మీద భూటాన్‌కు దక్కేవి 204 ఓట్లు.

అయితే ఇక్కడ కొంచెం ముల్కనూరు వాసన కూడా ఉంది. ప్రతి సభ్య దేశానికీ, పెద్దదైనా చిన్నదైనా, సమానంగా కొన్ని మూల ఓట్లు పంచుతారు. మొత్తం ఓట్లలో 5.502 శాతం ఇలా పంచేవే. ఒక్కో దేశానికి 1,450 పైచిలుకు వస్తాయి. లెక్క వేసుకోండి: భూటాన్ చేతిలో ఉన్న ప్రతి ఎనిమిది ఓట్లలో ఏడు ఈ మూల ఓట్లే. డబ్బు పెట్టి కొన్నవి కావు, దేశం అయినందుకు దక్కినవి. మొదట్లో దేశానికి 250 ఉండేవి. కోటాలు పెరుగుతుంటే వీటి విలువ కరిగిపోయింది. 2008లో ఒప్పుకున్న సంస్కరణలు 2011లో అమలయ్యాక ఇవి మూడింతలయ్యాయి, శాతం కూడా స్థిరపడింది. అందుకే 2016లో కోటాలు పెరిగినప్పుడు ఇవీ పెరిగి ఇప్పటి లెక్కకు వచ్చాయి.

ఏడీబీ ఈ విషయంలో ఉదారం. అక్కడ మొత్తం ఓట్లలో 20 శాతం సభ్యులందరికీ సమానంగా పంచుతారు. నౌరు, తువాలు లాంటి దీవులకు వాషింగ్టన్‌లో కన్నా మనీలాలో కాస్త బరువు ఎక్కువ ఉండేది అందుకే.

అంతా కలిపినా ఎంత శాతం?

ఐఎంఎఫ్‌లో దాదాపు 0.03 శాతం. అమెరికాకు 16.5 శాతం దగ్గర. పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి కాబట్టి అమెరికా ఒక్కటే వద్దన్నా ఆగిపోతాయి.

0.03 శాతంతో ఏం చేస్తుంది సార్? ఊరికే పోయి కూర్చుంటుందా?

క్లాసులో నవ్వు వచ్చేది ఇక్కడే. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకుపోయే సంగతి గుర్తు తెచ్చుకోండి. రెండెకరాల రైతుకు సొంత బండి ఉండదు. నలుగురు కలిసి ఒకే డీసీఎం వ్యానులో బస్తాలు వేసుకుపోతారు. ఎక్కువ బస్తాలున్న ఆయన ముందు కూర్చుంటాడు, కాంటా దగ్గర మాట్లాడేది కూడా ఆయనే. కానీ వెనక కూర్చున్న వాళ్ల బస్తాలు కూడా అదే కాంటా ఎక్కుతాయి.

ఐఎంఎఫ్‌లో 191 సభ్య దేశాలుంటే, రోజువారీ నిర్ణయాలు తీసుకునే కార్యనిర్వాహక బోర్డులో కుర్చీలు 25 మాత్రమే. 2024 నవంబరు దాకా 24 ఉండేవి, ఆఫ్రికా దేశాల కోసం ఇంకొకటి వేశారు. పెద్ద దేశాలు కొన్ని సొంత కుర్చీల్లో కూర్చుంటాయి, మిగతావి జట్లు కడతాయి. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్ ఒక జట్టు. కలిపితే ఓట్లు మూడు శాతం దాటతాయి. మన బస్తాలే ఎక్కువ కాబట్టి డైరెక్టర్ కుర్చీలో కూర్చునేది భారతీయుడే. రిజర్వ్ బ్యాంకు గవర్నర్ కాకముందు మన తెలుగాయన వై.వి. రెడ్డి 2002-03లో కూర్చున్నది ఆ కుర్చీలోనే. ఆ కాలంలో వాషింగ్టన్‌లో భూటాన్ తరఫున మాట్లాడింది కడప జిల్లాలో పుట్టిన మనిషి అని చెప్తే పిల్లలు నమ్మరు.

జట్టు ఓట్లను విడగొట్టి వేయడం కుదరదు. ఒక దేశం అవునని, ఇంకో దేశం కాదని అన్నా డైరెక్టర్ మొత్తం ఓట్లూ ఒకే వైపు వేయాలి. ఇది భూటాన్‌కు నష్టంలా కనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే ఆ బోర్డులో చేతులెత్తి ఓట్లేసే సందర్భాలు చాలా అరుదు. చర్చించి అందరూ సరే అన్నాకే నిర్ణయం అంటారు. అలాంటి చోట ఓట్ల సంఖ్య కన్నా, మన కాగితం ఎవరైనా చదివారా, మన మాట డైరెక్టర్ ప్రసంగంలో చేరిందా అన్నదే ముఖ్యం.

అంటే భారత్ చెప్పినట్టు వినాల్సిందేనా?

ఇది టీ కొట్టు దగ్గర అడిగిన ప్రశ్న, అడిగినాయన గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. పూర్తిగా అవును అనలేను, పూర్తిగా కాదు అనలేను. 1949 స్నేహ ఒప్పందంలో విదేశాంగ విషయాల్లో భారత్ సలహా ప్రకారం నడుచుకుంటామని భూటాన్ రాసిచ్చింది. 2007లో ఆ ఒప్పందాన్ని తిరగరాసినప్పుడు ఆ మాట తీసేశారు. బీజింగ్ ప్రధాన కార్యాలయంగా 2016లో పని మొదలుపెట్టిన ఏఐఐబీలో, అంటే ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకులో, భారత్ ఉంది, నేపాల్ ఉంది, బంగ్లాదేశ్ ఉంది, భూటాన్ మాత్రం లేదు. చైనాతో వాళ్లకు దౌత్య సంబంధాలే లేవు. ఆ మాటకొస్తే భద్రతా మండలిలోని ఐదు శాశ్వత సభ్య దేశాల్లో దేనితోనూ లేవు.

ఐఎంఎఫ్ బృందం భూటాన్ ఆర్థిక స్థితిని పరిశీలించడానికి వచ్చినప్పుడు ఢిల్లీలో దిగి మనల్ని అడగదు. నేరుగా థింపూకు పోయి వాళ్ల ఆర్థిక శాఖతో, వాళ్ల కేంద్ర బ్యాంకుతో కూర్చుంటుంది. ఆ గదిలో భూటాన్ ఒక దేశం, అంతే. పెద్దన్న పక్కన ఉండడు.

తెలంగాణకు ఎన్ని ఓట్లు సార్?

సున్నా. ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి ముందు నవ్వులాటకు అడిగింది, జవాబు విన్నాక ఆలోచనలో పడింది.

2011 లెక్కల్లో తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. ఏడు లక్షల భూటాన్‌కు ప్రపంచ బ్యాంకులో జెండా ఉంది, గవర్నర్ ఉన్నాడు, ఓటుంది. మనకు లేవు, ఎందుకంటే మనం దేశం కాదు, రాష్ట్రం. మనకు అప్పు కావాలంటే ఢిల్లీలో ఆర్థిక వ్యవహారాల శాఖ దాటి పోవాలి. కేంద్రం పూచీ లేకుండా ఆ బ్యాంకులు మన కాగితం ముట్టుకోవు.

అలాగని వాటి డబ్బు మన గడప తొక్కలేదని కాదు. రామగుండం ఎన్టీపీసీ కట్టింది ప్రపంచ బ్యాంకు అప్పు తోడుతోనే. శ్రీరాంసాగర్ కాలువల పనులకు 1980లలోనూ 90లలోనూ ఆ బ్యాంకు నుంచే అప్పు వచ్చింది. కాకతీయ కాలువ కింద నాట్లు వేసే రైతుకు తన నీళ్లలో వాషింగ్టన్ వాటా ఉందని తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 2000లో ఆ బ్యాంకు అప్పుతోనే పేదరికం తగ్గించే 'వెలుగు' పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మన ఆదిలాబాద్ ఒకటి. అదే దశాబ్దంలో ప్రపంచ బ్యాంకు పేరు గోడల మీద ఎక్కువగా తిట్టుగానే కనిపించింది. కరెంటు సంస్కరణల కాలం అది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద జరిగిన నిరసన, కాల్పులు ఇప్పటికీ మన దగ్గర పెద్దవాళ్లు చెప్పుకుంటారు.

షరతులు పెట్టిన అప్పు మీద సంతకం చేయాలా వద్దా అని భూటాన్ ఆర్థిక మంత్రి తనే తేల్చుకోగలడు. రాష్ట్రానికి ఆ గదిలో కుర్చీ దొరకదు. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే అనిపిస్తుంది. చిన్న దేశం బలం దాని 0.03 శాతంలో లేదు, వద్దు అని చెప్పగలిగే సంతకంలో ఉంది.

"గింతంత దేశానికి అప్పు ఎవలిస్తరు బిడ్డా? జమానతు ఎవలుంటరు?"

ఇది మా అమ్మ ప్రశ్న. నర్సంపేట దగ్గరి మా ఊళ్లో మహిళా సంఘంలో చాలా ఏళ్లుగా ఉంది. అప్పు సంగతి ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

వింతగా ఉంటుంది కానీ, చిన్న దేశాలకే తలసరి సాయం ఎక్కువ దొరుకుతుంది. పెద్ద దేశంలో కనిపించకుండా పోయే మొత్తం చిన్న దేశంలో ఒక ఆస్పత్రిగానో రోడ్డుగానో కళ్లకు కనిపిస్తుంది. ఇచ్చేవాళ్లకు అది ఇష్టం. 15 లక్షల లోపు జనాభా ఉన్న వాటిని ప్రపంచ బ్యాంకు 'చిన్న రాజ్యాలు' అంటుంది. తలసరి ఆదాయం హద్దు దాటినా ఐడీఏ చిన్న దేశాలకు సడలింపు ఇస్తుంది. కొండల మధ్య చిన్న మార్కెట్, ఒక్క వరదకే బడ్జెట్ తలకిందులయ్యే పరిస్థితి చూసి ఇచ్చేదది. మన దేశం మాత్రం 2014లో ఐడీఏ తలుపు దాటి బయటికొచ్చింది, ఇప్పుడు దానికి చందా ఇచ్చేవాళ్లలో ఉంది.

జమానతు అంటావా అమ్మా, దేశమే జమానతు. ఇంకా అడిగితే, వాళ్ల నదులు.

"మిత్తి ఎంత?" అంది. చిన్న దేశాలకు ఐడీఏ ఇచ్చే రాయితీ అప్పుల్లో నలభై ఏళ్ల గడువు, మొదటి పదేళ్లు అసలు కట్టక్కర్లేదు, నూటికి ముప్పావు రూపాయి సేవా రుసుము అన్నాను.

"నెలకా?"

ఏడాదికి అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గట్లయితే నేను భూటాన్ల పుడితే మంచిగుండు" అంది.

భూటాన్ ఐఎంఎఫ్ దగ్గర అప్పు తీసుకుందా?

సంకట కాలపు అప్పు ఎన్నడూ తీసుకోలేదు. ఐఎంఎఫ్ బోర్డులోని మన జట్టులో మిగతా ముగ్గురూ, మనతో సహా, తీసుకున్నవాళ్లే. 2021 ఆగస్టులో కోవిడ్ కాలంలో ఐఎంఎఫ్ అన్ని దేశాలకూ కోటాను బట్టి ఎస్‌డీఆర్‌లు పంచినప్పుడు భూటాన్‌కూ వచ్చాయి, కోటాలో 96 శాతం దాకా. కానీ అవి అప్పు కిందకు రావు, పంచిన నిల్వలు.

అయితే మనం ఎప్పుడు వెళ్లాం?

చాలాసార్లు. అందరికీ గుర్తున్నది 1991. ఆ కథ మన నేలకు దగ్గరిది. లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు ఆ జూన్ 21న ప్రధాని అయ్యారు. వంగర, ముల్కనూరు ఒకే మండలంలో ఉన్నాయని మీరు గమనించే ఉంటారు. ఖజానాలో విదేశీ డబ్బు రోజుల లెక్కకు వచ్చింది. జులైలో రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువ పెట్టింది. జులై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. ఐఎంఎఫ్ అప్పు, దానితో షరతులు, వాటి వెంట సంస్కరణలు.

సాధారణంగా పాఠం ఇక్కడితో ముగుస్తుంది. నేను ఇక్కడ ఒక ప్రశ్న వేస్తాను: ఆ మూడు రోజుల్లో థింపూలో ఏమైంది?

ఏమైంది సార్?

వాళ్ల డబ్బు విలువ కూడా పడిపోయింది. భూటాన్ 1974లో నగల్ట్రం అనే సొంత కరెన్సీ తెచ్చుకుంది, దాన్ని రూపాయికి ఒకటికి ఒకటిగా ముడివేసింది. మనం రూపాయిని దించితే, డాలరుతో చూసినప్పుడు నగల్ట్రం కూడా అంతే దిగుతుంది. ఐఎంఎఫ్ అప్పు తీసుకున్నది మనం, ఆ నిర్ణయంలో భూటాన్ పాత్ర ఏమీ లేదు. బయటి దేశాల సరుకు ఖరీదు మాత్రం ఇద్దరికీ ఒకేసారి పెరిగింది.

ఈ ముడివల్ల లాభమూ ఉంది. వాళ్ల వ్యాపారంలో పెద్ద భాగం మనతోనే కాబట్టి రేటు భయం లేదు. మన రూపాయి నోటు అక్కడి దుకాణాల్లో చెల్లుతుంది. వాళ్ల నగల్ట్రం తెచ్చి చౌరస్తాలో బజ్జీలు అడిగితే మాత్రం ఇవ్వరు.

2012లో ఇంకో చిక్కు వచ్చింది. డాలర్లున్నాయి, రూపాయలు అయిపోయాయి. ఇళ్ల నిర్మాణం, కార్ల కొనుగోళ్లు, వాటికి ఎడాపెడా బ్యాంకు అప్పులు, అన్నిటి సరుకూ భారత్ నుంచే. చివరికి కార్ల దిగుమతికి, ఇళ్ల అప్పులకు కళ్లెం వేశారు. 2022లో మళ్లీ నిల్వలు కరుగుతుంటే వాహనాల దిగుమతిని ఆపేశారు, ట్రాక్టర్ల లాంటి అవసరాలకు మినహాయింపు ఇచ్చి. ఐఎంఎఫ్ వచ్చి చెప్పేదాకా ఆగకుండా తమ కడుపు తామే కట్టుకోవడం వాళ్ల అలవాటు.

ఇంత జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చింది?

కొంత రాజ్యాంగం నుంచి. 2008 రాజ్యాంగంలో 14వ అధికరణం చదవండి. కనీసం ఏడాది పాటు అత్యవసర దిగుమతులకు సరిపడే విదేశీ నిల్వలు ఉంచాలని రాసుకున్నారు. రోజువారీ పరిపాలన ఖర్చు దేశంలోని ఆదాయంతోనే భరించాలని కూడా. అంటే జీతాలకు అప్పు తేకూడదు. మన రాష్ట్రాల బడ్జెట్లు చూసేవాళ్లకు ఈ వాక్యం ఎంత ఘాటైనదో తెలుస్తుంది. అదే రాజ్యాంగంలో ఐదో అధికరణం, దేశంలో 60 శాతం భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలంటుంది.

అంత జాగ్రత్త అయితే అప్పులే లేవన్నమాట?

అయ్యో, బోలెడు. దేశం ఏడాది మొత్తం ఉత్పత్తి కన్నా అప్పే ఎక్కువ అయిన సంవత్సరాలున్నాయి. కాగితం మీద చూస్తే గుండె ఆగాలి. కానీ దానిలో పెద్ద ముక్క జలవిద్యుత్ ప్రాజెక్టులది, భారత్‌కు రూపాయల్లో కట్టాల్సింది. కట్టిన డ్యామ్ కరెంటు ఇస్తుంది, ఆ కరెంటు మనమే కొంటాం, ఆ డబ్బుతోనే మన అప్పు తీరుతుంది. అందుకే ఐఎంఎఫ్ కూడా ఈ అప్పును వేరుగా చూస్తుంది.

ఇక్కడ ఒక మార్పు జాగ్రత్తగా చూడాలి. 1980లలో పూర్తయిన చూఖా ప్రాజెక్టు 336 మెగావాట్లు. దానికి భారత్ ఇచ్చిన డబ్బులో 60 శాతం తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు, 40 శాతం అప్పు, మిత్తి 5 శాతం. 2019లో ప్రారంభమైన మాంగ్‌దెచ్ఛు 720 మెగావాట్లు. దీనికి గ్రాంటు 30, అప్పు 70, మిత్తి 10 శాతం. ముప్పై ఏళ్లలో సాయం తిరగబడి వ్యాపారమైంది. స్నేహం తగ్గిందని నేను అనను. కానీ లెక్క మారింది, అది ఆ దేశంలో అందరికీ తెలుసు.

పునాత్‌సాంగ్‌ఛు-1 అని ఇంకోటి, 1,200 మెగావాట్లు. 2008లో మొదలైంది. 2013లో డ్యామ్ పక్కన కొండ చరియ కదిలింది. ఖర్చు మొదటి అంచనాకు రెండున్నర రెట్లు దాటింది. కొండ కదిలినా మిత్తి ఆగదు.

అందుకే వేరే తలుపులు కూడా తట్టడం నేర్చుకున్నారు. 126 మెగావాట్ల దగాఛు ప్రాజెక్టుకు ఏడీబీ అప్పు తీసుకున్నారు, టాటా పవర్‌కు 26 శాతం వాటా ఇచ్చారు. చలికాలంలో నదులు చిక్కిపోతే భూటానే మన దగ్గర కరెంటు కొంటుంది. వేసవిలో అమ్మేది, చలిలో కొనేది. అప్పుడు మన బొగ్గు కరెంటు మంచు కొండలెక్కుతుంది.

స్థూల జాతీయ ఆనందం అంటే బ్యాంకులు నవ్వవా?

మొదట్లో మర్యాదగా నవ్వే ఉంటాయి. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1970లలో ఈ మాట అన్నారు. ఉత్పత్తి ఎంత అని కాదు, జనం ఎలా ఉన్నారు అని అడగాలన్నది దాని సారం. 2011 జులైలో భూటాన్ చొరవతోనే ఐరాస సర్వసభ్య సభ ఆనందం మీద తీర్మానం చేసింది. మరుసటి ఏడాది మార్చి 20ని అంతర్జాతీయ ఆనంద దినంగా ప్రకటించింది. ఓట్లు లేని దేశం మాటతో ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇదే ఉదాహరణ.

ఇదే పద్ధతిలో 2015 అక్టోబరులో లిమాలో వాతావరణ ముప్పు ఎక్కువున్న 20 దేశాల ఆర్థిక మంత్రులు వీ20 అని జట్టు కట్టారు. తువాలు, మాల్దీవులు, నేపాల్, బంగ్లాదేశ్‌తో పాటు భూటాన్ కూడా అందులో మొదటి నుంచీ ఉంది. జీ20లో చోటు లేనివాళ్లు పెట్టుకున్న పేరులోనే కొంత కొంటెతనం ఉంది.

నా మాటగా ఒకటి చెప్పాలి. ఆనందం గురించి మాట్లాడే దేశం నుంచి చదువుకున్న పిల్లలు వేలల్లో ఆస్ట్రేలియా విమానం ఎక్కుతున్నారు. ఇది చెప్పకపోతే పాఠం అబద్ధం అవుతుంది. మన కాజీపేట స్టేషన్‌లో పెట్టెలతో నిలబడే ఇంజినీరింగ్ పిల్లలను చూసినవాళ్లకు ఇది వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కూడా భూటాన్ అత్యల్పాభివృద్ధి దేశమేనా?

కాదు. 2023 డిసెంబరు 13న ఐరాస పెట్టిన ఆ జాబితా నుంచి బయటపడింది. అలా బయటికొచ్చిన దేశాల్లో ఏడోది. పాత గైడ్లు చదివేవాళ్లు జాగ్రత్త.

బిట్‌కాయిన్ సంగతి నిజమేనా?

నిజమే. ప్రభుత్వ పెట్టుబడి సంస్థ డ్రుక్ హోల్డింగ్ నదుల కరెంటుతో బిట్‌కాయిన్ మైనింగ్ చేస్తోంది. మైనింగ్ యంత్రాల దిగుమతికి పెద్ద మొత్తం వెళ్లడంతో విదేశీ చెల్లింపుల లోటు పెరిగిందని ఐఎంఎఫ్ తన సమీక్షలో రాసింది. ఏడాది దిగుమతులకు సరిపడా నిల్వలుండాలని రాసుకున్న దేశమే ఇంత ఊగే సరుకు మీద చెయ్యి వేయడం నాకైతే టెన్షన్ పుట్టించే విషయమే. తర్వాత ధర పెరిగి లాభపడ్డారు కదా అని ఒక కుర్రాడు వాదించాడు. ధర పెరిగినప్పుడు ఎవరైనా తెలివైనవాళ్లే అన్నాను. మిర్చి క్వింటాలు ధర ఎక్కినప్పుడు మన దగ్గర అందరూ మిర్చి రైతులే కదా.

డబ్ల్యూటీఓలో, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థలో ఉందా?

1999లో దరఖాస్తు పెట్టింది. ఇప్పటికీ పరిశీలక హోదాయే. మనతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉండగా తొందరేముందన్నది వాళ్లలో ఒక వాదన.

థింపూలో అంతర్జాతీయ సంస్థ ఏదైనా ఉందా?

ఉంది. సార్క్ అభివృద్ధి నిధి కార్యాలయం, 2010 ఏప్రిల్ సార్క్ శిఖరాగ్ర సభ అక్కడే జరిగినప్పుడు ప్రారంభించారు. పిల్లలు దీని పొట్టి పేరును పర్యాటకుల దగ్గర భూటాన్ వసూలు చేసే సుస్థిర అభివృద్ధి రుసుముతో కలిపేస్తుంటారు, ఇంగ్లిష్‌లో రెండిటికీ అవే మూడక్షరాలు, ఎస్‌డీఎఫ్. రెండోది మనవాళ్లు టూర్ పోతే రోజుకు 1,200 రూపాయల చొప్పున కట్టేది. మా అమ్మకు ఈ సంగతి చెప్పాక భూటాన్‌లో పుట్టే ఆలోచన మానుకుంది.

దీని మీద పరీక్షలో ప్రశ్న వస్తుందా సార్?

ఆఖరి బెంచీ నుంచి ప్రతి బ్యాచ్‌లో వచ్చే ప్రశ్న. వస్తే ఇలా రావచ్చు: ఐఎంఎఫ్ బోర్డులో భారత్ ఏయే దేశాలకు ప్రాతినిధ్యం వహిస్తుంది? నాలుగు ఆప్షన్లలో నేపాల్ తప్పకుండా పెడతారు. నేపాల్ మన పక్కనే ఉంది, మన జట్టులో మాత్రం లేదు, వేరే దేశాలతో వేరే బండిలో పోతుంది. మొన్నటి టెస్టులో సగం క్లాసు నేపాల్‌కే టిక్ పెట్టి వచ్చింది.